శని, ఆదివారాల హైదరాబాద్: జంటల ప్రశ్నలు, మా జవాబులు

భార్యాభర్తలిద్దరే రెండు రోజులు హైదరాబాద్ వెళ్లి చూసి రావడం ఎలా అని చాలామంది పాఠకులు రాశారు. ఒకే విషయం మీద వచ్చిన ప్రశ్నల్ని కలిపి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా పెళ్లయి ఏడాదైంది. శనివారం తెల్లవారుజామున హైదరాబాద్‌లో దిగి ఆదివారం రాత్రి రైలెక్కాలి. మావారు రాసిన జాబితాలో చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, గోల్కొండ, ఏడు గుంబజులు, బిర్లా మందిర్, ట్యాంక్‌బండ్, ఫిల్మ్ సిటీ, జూ, ముచ్చింతల్ (సమతామూర్తి విగ్రహం) ఉన్నాయి. అన్నీ అవుతాయా? (ఏలూరు పాఠకురాలు)

జవాబు: కావు. మొదటి ఆరూ అవుతాయి, చివరి మూడూ ఇప్పుడే కొట్టేయండి. ఫిల్మ్ సిటీ విజయవాడ రోడ్డులో ముప్పై కిలోమీటర్ల దూరం. పొద్దున గేటు తెరిచే వేళకు చేరి సాయంత్రం దాకా ఉంటేనే ఆ టికెట్‌కు పెట్టిన డబ్బు గిట్టుబాటవుతుంది. ముచ్చింతల్ శంషాబాద్ అవతల ఉంది, వెళ్లి రావడానికే సగం రోజు పోతుంది. జూ కూడా తీరిగ్గా నడిచి చూడాల్సింది. ఈ మూడూ మూడో రోజు చేతిలో ఉన్నవాళ్లకి.

మిగిలిన ఆరింటిని దిక్కుల ప్రకారం విడదీయండి. గోల్కొండ, ఏడు గుంబజులు పడమరన పక్కపక్కనే ఉన్నాయి. చార్మినార్, సాలార్‌జంగ్ పాతబస్తీలో, మూసీకి దక్షిణాన. బిర్లా మందిర్, ట్యాంక్‌బండ్ ఊరి నడుమ. చాలామంది పొద్దున చార్మినార్ చూసి, మధ్యాహ్నం గోల్కొండకి పరుగెత్తి, సాయంత్రం గాజుల కోసం మళ్లీ పాతబస్తీకి వస్తారు. చార్మినార్ నుంచి గోల్కొండకి పది, పన్నెండు కిలోమీటర్లే. కానీ మెహదీపట్నం రద్దీలో అది గంట ప్రయాణం. రెండుసార్లు తిరిగితే ఒక పూట ఆటోలోనే గడిచిపోతుంది.

శనివారం పడమర, ఆదివారం పాతబస్తీ పెట్టుకోండి. తలకిందులుగా పెట్టుకుంటే ఇబ్బందేమిటో చెబుతాం. గోల్కొండలో చీకటి పడ్డాక జరిగే సౌండ్ అండ్ లైట్ షో వదులుకోదగింది కాదు. ఆదివారం ఆ షో చూసి రాత్రి తొమ్మిది గంటల రైలు అందుకోవడం కుదరదు. కోట చుట్టూ ఉన్న వీధులు ఇరుకు, పాత దర్వాజాల్లోంచి బళ్లు ఒక్కొక్కటిగా దాటాలి, ఆపైన సికింద్రాబాద్ పదిహేను కిలోమీటర్లకు పైనే ఉంది. పాతబస్తీ నుంచైతే కాచిగూడ, నాంపల్లి స్టేషన్లు, ఎంజీబీఎస్ బస్టాండ్ అన్నీ దగ్గరే.

శనివారం పొద్దున హోటల్లో సామాను పెట్టి, స్నానానికి వీలుంటే చేసి, టిఫిన్ తిని బిర్లా మందిర్‌కి నడవండి. నౌబత్ పహాడ్ మీద 1976లో కట్టిన పాలరాతి వేంకటేశ్వరాలయం అది. గుడి మధ్యాహ్నం పన్నెండుకి మూసి మూడింటికి తెరుస్తారు కాబట్టి పొద్దుటి పూటే మంచిది. ఫోన్లు లోపలికి రానివ్వరు, కౌంటర్లో ఇచ్చి చీటీ తీసుకోవాలి. ఇద్దరూ ఒకే చీటీ మీద ఇవ్వండి, బయటకి వచ్చాక ఒకరి కోసం ఒకరు వెతుక్కునే పని ఉండదు. ఎండెక్కకముందే వెళ్తే ఉత్తరం వైపు నుంచి హుస్సేన్‌సాగర్ అంతా కనిపిస్తుంది.

పన్నెండుకి గదిలో చేరండి. భోంచేసి ఓ గంట పడుకోండి. రాత్రి ప్రయాణం చేసి వచ్చినవాళ్లు ఈ గంట దాటవేస్తే సాయంత్రం కోట మెట్ల మీద చిరాకులు మొదలవుతాయి. రెండున్నరకి ఏడు గుంబజులకి చేరండి. కుతుబ్‌షాహీ వంశీకుల సమాధులివి. 2013 నుంచి ఆగాఖాన్ ట్రస్టు, రాష్ట్ర పురావస్తు శాఖ కలిసి వీటిని బాగుచేశాక చూడ్డానికి ఎంతో హాయిగా ఉన్నాయి. వీటిలో పెద్దది, సుమారు 42 మీటర్ల ఎత్తున్నది మహమ్మద్ కులీ కుతుబ్‌షాది. హైదరాబాద్‌ను స్థాపించిన ఆయన్ని ముందిక్కడ చూసి, ఆయన కట్టించిన చార్మినార్‌కి మర్నాడు వెళ్తారన్నమాట. ఆఖరి సుల్తాను తానీషా సమాధి మాత్రం ఇక్కడ లేదు. 1687లో గోల్కొండ పడిపోయాక ఔరంగజేబు ఆయన్ని దౌలతాబాద్ కోటలో బంధించాడు. ఆ తానీషాయే భద్రాచల రామదాసుని చెరలో పెట్టినవాడు. ఆ చెరసాల గది కాసేపట్లో కోటలో చూస్తారు.

నాలుగింటికల్లా కోట టికెట్ కౌంటర్ దగ్గర ఉండాలి. టికెట్ మనిషికి 25 రూపాయలు, ఫోన్లో ముందే తీసుకుంటే 20. లోపలికి అడుగు పెట్టగానే దర్వాజా కప్పు కింద జనం చప్పట్లు కొడుతుంటారు. ఆ చప్పుడు కొండ మీది బాలాహిస్సార్‌లో వినిపిస్తుంది. శత్రువు వచ్చాడని పైకి కబురు పంపడానికి చేసిన ఏర్పాటిది. పైకి చేరాక కాసేపు నిశ్శబ్దంగా నిలబడి కింది చప్పట్లు వినండి, అప్పుడే దాని గొప్ప తెలుస్తుంది. మెట్లు దాదాపు 360. రామదాసు చెర, ధాన్యపు కొట్టు, అమ్మవారి గుడి మీదుగా ఎక్కే దారి మెల్లగా పైకి పోతుంది. రాణీ మహళ్ల వైపు దిగే దారి నిటారు. ఆ దారిన ఎక్కి ఈ దారిన దిగాలి, తిరగేస్తే మోకాళ్లు ఒప్పుకోవు. మనిషికో లీటరు నీళ్లు, పట్టున్న చెప్పులు తప్పనిసరి. కొత్త జంటలు ఫొటోల కోసం హీల్స్ వేసుకొస్తుంటారు. అరిగిన రాయి జారుతుంది, దిగేటప్పుడు మడమ తిరుగుతుంది. కోటని సాయంత్రం అయిదున్నరకి మూస్తారు కాబట్టి నాలుగు దాటాక వెళ్తే కొండెక్కే టైం చాలదు.

షోకి వేరే టికెట్ ఉంటుంది. రోజును బట్టి, ఆటను బట్టి భాష మారుతుంది. తెలుగు ఆట ఏ రోజో కౌంటర్లో కనుక్కునే టికెట్ తీసుకోండి, ఇంగ్లిష్ ఆటకి కూర్చుని మధ్యలో లేచి వచ్చేవాళ్లు చాలామందే. దోమలు ఎక్కువ. పొడుగు చేతుల బట్టలు వేసుకోండి, ఓడోమాస్ రాసుకోండి.

ఆదివారం తొమ్మిదింటికి చార్మినార్ ఎక్కండి. 1591లో కట్టినది. మెట్లు ఇరుగ్గా, చుట్లు తిరుగుతూ ఉంటాయి, ఒక్కో మెట్టు ఎత్తు. పదకొండు దాటితే లోపల ఒకరి వెనక ఒకరు ఆగి ఆగి ఎక్కాలి. దిగాక పక్కనే ఇరానీ హోటల్లో టీ, ఉస్మానియా బిస్కెట్. పదిన్నరకి చౌమహల్లా ప్యాలెస్‌కి నడిచే వెళ్లొచ్చు, కిలోమీటరు లోపే. ఖిల్వత్ దర్బారు హాల్లో 19 స్ఫటిక షాండ్లియర్లు, వెనక గ్యారేజీలో నిజాం పసుపురంగు రోల్స్‌రాయిస్ మిస్సవకండి. మీవారి జాబితాలో ఇది లేదు గానీ, పాతబస్తీలో ఇద్దరూ ప్రశాంతంగా కూర్చుని మాట్లాడుకోడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. అక్కడి నుంచి లాడ్‌బజార్ (దాని సంగతి కింద చూడండి), మదీనా చౌరస్తా దగ్గర భోజనం, రెండున్నరకి సాలార్‌జంగ్.

మ్యూజియంలో అన్ని గదులూ చూడాలనుకోకండి. ముసుగు వెనక ముఖం కనిపించేలా ఇటలీ శిల్పి బెంజోనీ పాలరాతిలో చెక్కిన రెబెకా, ఒకవైపు సైతాను మెఫిస్టాఫిలిస్, మరోవైపు అమాయకురాలు మార్గరెట్టా కనిపించే చెక్క విగ్రహం, సంగీత గడియారం, దంతపు సామాను, ఇవి చాలు. గడియారంలో గంట కొట్టే బొమ్మ ప్రతి గంటకీ బయటకి వస్తుంది. మధ్యాహ్నం పన్నెండుకి పన్నెండు గంటలు కొడుతుందని జనమంతా అప్పుడే విరగబడతారు. మూడింటికి నిలబడితే ముందు వరసలో బెంచీ దొరుకుతుంది. అయిదు నిమిషాల ముందే వెళ్లండి.

నాలుగున్నరకి బయటపడి ఆటోలో లుంబినీ పార్కుకి వెళ్తే హుస్సేన్‌సాగర్ నడుమ ఉన్న బుద్ధ విగ్రహం దాకా పడవ, ఆ తర్వాత రైలు. ఒకే రాయిలో చెక్కిన ఆ విగ్రహం 1990లో తరలిస్తుండగా సాగర్‌లో మునిగిపోయింది. 1992లో పైకి తీసి నిలబెట్టారు. ఈదురుగాలి వీస్తే పడవలు ఆపేస్తారు, రైలుకి టైం తక్కువుంటే దీన్నే వదిలేయండి.

ప్రశ్న: ఆదివారం జనం ఎక్కువని శుక్రవారం సెలవు పెట్టి శుక్ర, శనివారాలు తిరుగుదామనుకుంటున్నాం. మంచిదేనా? (కర్నూలు పాఠకుడు)

జవాబు: పాతబస్తీకి శుక్రవారం మంచిది కాదు. సాలార్‌జంగ్, చౌమహల్లా, ఏడు గుంబజులు మూడింటికీ శుక్రవారమే సెలవు. మక్కా మసీదులో జుమ్మా నమాజు కారణంగా మధ్యాహ్నం చార్మినార్ చుట్టుపక్కల దారులు నిండిపోతాయి, చాలా దుకాణాలు మూసి ఉంటాయి. శుక్రవారమే రావాలంటే ఆ రోజు బిర్లా మందిర్, గోల్కొండ, కోట షో పెట్టుకుని, పాతబస్తీ అంతా శనివారం చూడండి. ఏడు గుంబజులు ఆశ వదులుకోవాలి. సోమవారం సెలవు కలిసొచ్చేవాళ్లు జూకి సోమవారం సెలవని గుర్తుంచుకోండి. చార్మినార్, గోల్కొండ అన్ని రోజులూ తెరిచే ఉంటాయి.

ప్రశ్న: గది ఎక్కడ తీసుకోవాలి? సికింద్రాబాద్ స్టేషన్ పక్కన చవగ్గా దొరుకుతాయంటున్నారు. (రాజమహేంద్రవరం పాఠకుడు)

జవాబు: ముందు మీ టికెట్ మీద ఆఖరి స్టేషన్ ఏమని ఉందో చూడండి. సికింద్రాబాద్ స్టేషన్‌ను తిరగ్గడుతున్నందున చాలా రైళ్లను చర్లపల్లికి మార్చారు. 2025 జనవరిలో మొదలైన కొత్త టెర్మినల్ అది. విశాలంగా, శుభ్రంగా ఉంది గానీ అక్కడికి మెట్రో లేదు, తెల్లవారుజామున ఆటోవాళ్లు చెప్పే ధరలు ఎక్కువ. యాప్‌లో ధర చూసి దాన్ని బట్టే బేరమాడండి. ఉప్పల్ దాకా ఆటోలో వచ్చి అక్కడ మెట్రో ఎక్కడం అన్నిటికన్నా తక్కువ ఖర్చు. అయితే మెట్రో పొద్దున ఆరు ప్రాంతంలో గానీ మొదలవదు. లింగంపల్లి దాకా పోయే రైలైతే, బేగంపేటలో ఆగుతుందో లేదో చూసుకోండి. అక్కడ మెట్రో స్టేషన్ దగ్గరే.

గది విషయానికొస్తే మా సలహా లక్డీకాపూల్, నాంపల్లి ప్రాంతాలు. మియాపూర్, ఎల్‌బీనగర్ మధ్య నడిచే ఎర్ర లైన్ మెట్రో ఈ రెండిట్నీ తాకుతుంది. గోల్కొండ సుమారు పది కిలోమీటర్లు, చార్మినార్ ఆరేడు, బిర్లా మందిర్ నడక దూరం. సికింద్రాబాద్‌లో గదికి మిగిలే నాలుగైదు వందలు రెండు రోజుల ఆటోలకి పోతాయి. హైటెక్ సిటీ వైపు గదులు బాగుంటాయి గానీ ఆదివారం పాతబస్తీకి అక్కడి నుంచి చాలా దూరం. మెట్రోలో చార్మినార్‌కి వెళ్లేవాళ్లు ఎంజీబీఎస్‌లో దిగి ఆటో ఎక్కాలి. చార్మినార్ వైపు మెట్రో ప్రస్తుతం అక్కడితోనే ఆగిపోయింది.

ఇంకో మాట. హోటళ్లలో చెక్‌ఇన్ మధ్యాహ్నం పన్నెండుకి, మీరు దిగేది అయిదింటికి. ‘24 గంటల చెక్‌అవుట్’ ఉన్న హోటళ్లలో మీరు చేరిన గంట నుంచి లెక్క మొదలవుతుంది, అది అడిగి తీసుకోండి. లేదా కన్ఫర్మ్ టికెట్ ఉన్నవాళ్లు పీఎన్ఆర్‌తో ఐఆర్‌సీటీసీలో రైల్వే రిటైరింగ్ రూమ్ పన్నెండు గంటలకి తీసుకోవచ్చు. ఆదివారం ఖాళీ చేశాక సామాను రిసెప్షన్లో ఉంచమనండి, సాధారణంగా కాదనరు. స్టేషన్ క్లోక్‌రూమ్‌లోనైతే తాళం వేయని బ్యాగు తీసుకోరు. చిన్న తాళం కప్ప ఇంటి నుంచే తెచ్చుకోండి.

గది అద్దె రోజుకి 7,500 లోపు ఉంటే దాని మీద జీఎస్టీ ప్రస్తుతం 5 శాతం. ఫోన్లో చెప్పిన ధర పన్నుతో కలిపా, కాదా అని అడగడం మర్చిపోకండి.

ప్రశ్న: మాది ఖమ్మం. ఆడవాళ్లకు ఉచిత బస్సు హైదరాబాద్ సిటీ బస్సుల్లో కూడా చెల్లుతుందా? మా తోడికోడలు విజయవాడ నుంచి వస్తుంది, ఆమెకో? (ఖమ్మం పాఠకురాలు)

జవాబు: మీకు చెల్లుతుంది. సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించి, కండక్టర్ దగ్గర జీరో టికెట్ తీసుకోవాలి. టికెట్ తీసుకోకుండా కూర్చుంటే చెకింగ్‌లో ఇబ్బంది. డీలక్స్‌లు, ఏసీ బస్సులు, విమానాశ్రయానికి వెళ్లే పుష్పక్ ఇందులోకి రావు. ఖమ్మం నుంచి కూడా ఎక్స్‌ప్రెస్ దాకానే ఉచితం. మెట్రో రైలుకి ఈ పథకంతో సంబంధం లేదు. పేరులో మెట్రో ఉన్న బస్సు వేరు, రైలు వేరు. మీ తోడికోడలి చిరునామా ఆంధ్రప్రదేశ్‌ది కాబట్టి ఆమె టికెట్ కొనాలి. ఆంధ్రప్రదేశ్ స్త్రీశక్తి పథకం ఆ రాష్ట్రం లోపలి ప్రయాణాలకే. మీవారు ఎలాగూ టికెట్ కొనాల్సిందే.

ప్రశ్న: లాడ్‌బజార్‌లో లక్క గాజులు, పత్తర్‌గట్టీలో ముత్యాలు కొనుక్కోవాలని ఉంది. మోసపోకుండా ఎలా? (తెనాలి పాఠకురాలు)

జవాబు: రెండూ హైదరాబాద్‌లోనే కొనాలి, చూసి కొనాలి. లక్క గాజులు ముందు చెబుతాం. లక్కని నిప్పుల మీద మెత్తబరిచి, రంగు కలిపి, కడ్డీలా సాగదీసి, గుండ్రంగా వంచి, వేడిగా ఉండగానే రాళ్లు ఒక్కొక్కటీ చేత్తో అద్దుతారు. 2024లో వీటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇదే బజారులో ఇదే తళుకుతో లోహపు గాజులు, ప్లాస్టిక్ గాజులు కూడా అమ్ముతారు. అవి తప్పుడు సరుకేమీ కాదు, కాకపోతే లక్క ధరకి కొనకూడదు. గాజు లోపలి వైపు వేలితో తడమండి. లక్క పూర్తి నునుపుగా ఉండదు, చేతి పని గరుకు కొంచెం తెలుస్తుంది, చల్లగా కూడా అనిపించదు. రాళ్ల మీద గోరు ఆడించి చూడండి. వేడిలో అద్దిన రాయి కదలదు, జిగురుతో అంటించినది అంచున లేస్తుంది.

కొలత విషయంలోనే ఎక్కువ మంది నష్టపోతారు. రెండు నాలుగు, రెండు ఆరు, రెండు ఎనిమిది అంటే లోపలి అడ్డుకొలత రెండు అంగుళాల పైన అంగుళంలో పదహారో వంతులు నాలుగు, ఆరు, ఎనిమిది అని. మిల్లీమీటర్లలో సుమారు 57, 60, 63న్నర. లక్క గాజు మామూలు మట్టి గాజు కన్నా మందం, కొంచెం కూడా సాగదు. మామూలుగా రెండు నాలుగు వేసుకునేవాళ్లు లక్కలో రెండు ఆరు వేసి చూసుకోవాలి. నచ్చింది బిగుతుగా ఉంటే ఇబ్బంది లేదు. బజారులోనే నిప్పుల కుంపటి దగ్గర కూర్చునే పనివాళ్లు కాస్త వేడి చేసి పెద్దది చేసి ఇస్తారు. బంధువుల కోసం కొనేటప్పుడు వాళ్లు వేసుకునే ఒక గాజు వెంట తెచ్చుకోండి, ఫోన్లో కొలత అడిగి కొన్నవి ఇంట్లో మూలపడతాయి.

తిరుగు ప్రయాణంలో వేడి తగలనివ్వకండి. వేసవిలో కారు డిక్కీలో వదిలేస్తే లక్క మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంటాయి. ఇంట్లో కూడా వేడినీళ్లు, పొయ్యి సెగ వీటికి పడవు. దుకాణాలు పదకొండు తర్వాత గానీ పూర్తిగా తెరవరు, అందుకే పైన చౌమహల్లా తర్వాత పెట్టాం. ధర చెప్పినదానికి సగం నుంచి బేరం మొదలెట్టండి, రెండు మూడు దుకాణాలు చూశాకే కొనండి. మీవారికి బేరాలు విసుగైతే దగ్గర్లో అత్తర్ల దుకాణాలున్నాయి, కాసేపు అక్కడ కూర్చోమనండి. అత్తరు మణికట్టు మీద రాయించుకుని పదిహేను నిమిషాలు ఆగాకే కొనాలి, సీసా మూతలో వచ్చే మొదటి వాసన ఒంటి మీద ఉండదు.

ముత్యాల్లో ఇప్పుడు దొరికేవి దాదాపు అన్నీ మంచినీటి సరస్సుల్లో పెంచినవి, చైనా నుంచి వచ్చినవి. వాటిని ఇక్కడ తొలిచి, జత కలిపి, గుచ్చుతారు. పెంచినవంటే నకిలీ అని అర్థం కాదు. నకిలీ అంటే గాజు లేదా ప్లాస్టిక్ పూస మీద పూత. తేడా తెలుసుకోడానికి రెండు పూసల్ని మెల్లగా ఒకదానితో ఒకటి రుద్దండి. అసలువి గరుగ్గా తగిలి సన్నటి పొడి రాలుతుంది, తుడిస్తే గీత ఉండదు. నకిలీవి జారిపోతాయి. తొలిచిన బెజ్జం దగ్గర చూడండి, పూత పెచ్చులుగా లేచి ఉంటే నకిలీ. అన్నీ అచ్చుగుద్దినట్టు ఒకే గుండ్రం, ఒకే తెలుపు, ధర మాత్రం తక్కువ అంటే నమ్మకండి. నిప్పు పెట్టి పరీక్ష చూపిస్తామంటే వద్దనండి, దానివల్ల అసలు ముత్యానికీ దెబ్బే. బస్రా ముత్యాలని పేరు పెట్టి వందల్లో అమ్మేవి బస్రావి కావు. గల్ఫ్‌లో సహజంగా పుట్టిన ఆ ముత్యాలు ఎంతో అరుదు, ఖరీదు.

ధర నిర్ణయించేవి మెరుపు, గుండ్రం, మిల్లీమీటర్లలో సైజు, పైన మచ్చలు, దండంతా ఒకే తీరుగా జతపడటం. డబ్బు తక్కువుంటే సైజు తగ్గించుకోండి గానీ మెరుపు తగ్గించుకోకండి. దారానికి ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి వేయమని అడగండి. తెగినా ఒక్కటే రాలుతుంది, ఒకదానితో ఒకటి ఒరుసుకోవు. బిల్లు మీద ‘ముత్యాల దండ’ అని మాత్రమే రాస్తే ఒప్పుకోకండి, ఏ రకమో, ఎంత బరువో రాయించుకోండి. వేసుకునేటప్పుడు సెంటు, పౌడరు ముందు, ముత్యాలు ఆఖరున. తీశాక మెత్తని బట్టతో చెమట తుడిచి, బట్ట సంచిలో ఉంచండి. గాలి చొరబడని ప్లాస్టిక్ కవరులో వద్దు.

ప్రశ్న: నేను బిర్యానీ కోసమే వస్తున్నా, మా ఆవిడ శాకాహారి. ఇద్దరం కలిసి తినే వీలుందా? (అనంతపురం పాఠకుడు)

జవాబు: ఉంది, ఒక్కో పూట ఒక్కొక్కరి మాట చెల్లనివ్వండి. పచ్చి మాంసాన్ని మసాలా, పెరుగులో నానబెట్టి, సగం ఉడికిన బియ్యంతో పొరలు వేసి దమ్ మీద పెట్టేదే అసలు హైదరాబాదీ బిర్యానీ. దీన్ని మధ్యాహ్నం పన్నెండున్నర, ఒకటిన్నర మధ్య తినండి. ఆ వేళ హండీలు వెంటవెంటనే మారుతుంటాయి. మూడు దాటాక మిగిలిన హండీ అడుగు ఎండిపోయి, మాంసం నారలుగా ఉంటుంది. పేరున్న హోటళ్లలో ఒక ప్లేటు మామూలు తిండి తినేవాళ్లకి ఒకటికి మించే వస్తుంది, ముందు ఒకటే చెప్పండి. గోల్కొండ ఎక్కేముందు మాత్రం తినొద్దు. ఆ దాహం మెట్ల మీద తెలుస్తుంది. మీ ప్రయాణంలో బిర్యానీకి సరైన పూట ఆదివారం మధ్యాహ్నమే.

మీ ఆవిడకి ఆ హోటళ్లలో వెజ్ బిర్యానీ చెప్పకండి. వంటిల్లు, గరిటెలు ఒకటే అయ్యే చోట ఆమెకి తినబుద్ధి కాకపోవచ్చు, రుచి కూడా అంతంత మాత్రమే. గుల్జార్‌హౌజ్ దగ్గర పొద్దున వెన్న దోశల బళ్లు, ఆబిడ్స్‌లో పాత శాకాహార హోటళ్లు, కోఠీలో చాట్ ఆమెవి. ఇద్దరికీ కుదిరే చోటు మొజంజాహీ మార్కెట్. 1935లో కట్టిన రాతి మార్కెట్ అది, రాత్రి దీపాల వెలుగులో ముందు వరండాలో కూర్చుని పండ్ల ఐస్‌క్రీం తినొచ్చు. సీతాఫలం కాలంలో వస్తే సీతాఫలానిదే అడగండి. ఖుబానీ కా మీఠా కూడా ఆమె తినొచ్చు.

రంజాన్ నెలలో వస్తే పాతబస్తీలో పగలు చాలా హోటళ్లు మూసి ఉంటాయి, భోజనం ఆబిడ్స్ వైపు చూసుకోండి. సాయంత్రం ఇఫ్తార్ తర్వాత హలీం, రాత్రి బజారు చూడదగ్గవే. నడవడానికి సందు దొరకనంత జనం ఉంటారని తెలిసే వెళ్లండి.

ప్రశ్న: మా అరవైలలో పెళ్లిరోజుకి వెళ్తున్నాం. మా ఆవిడకి మోకాళ్ల నొప్పులు. గోల్కొండ మానుకోవాలా? (వరంగల్ పాఠకుడు)

జవాబు: కొండెక్కడం మానుకోండి, కోట కాదు. కింది దర్వాజా, చప్పట్ల మంటపం, రాణీ మహళ్ల ముంగిలి దాకా చదునుగానే ఉంటుంది. షో కూడా కిందే కూర్చుని చూడొచ్చు. ఏడు గుంబజులు, చౌమహల్లా నడక మార్గాలు మెట్లు లేనివే ఎక్కువ. సాలార్‌జంగ్‌లో లిఫ్టు, చక్రాల కుర్చీ ఉన్నాయి, లోపలికి రాగానే అడగండి. చార్మినార్ లోపలికి మాత్రం వద్దు. మధ్యలో ఆగి పక్కకి తప్పుకోడానికి కూడా చోటుండదు. కింద నుంచి చూసి, ఎదురుగా ఉన్న మక్కా మసీదు ఆవరణలో కూర్చోండి. రెండు రోజులకి కలిపి కారు మాట్లాడుకుంటే మీకు బాగుంటుంది. పాతబస్తీలో అది మదీనా దగ్గరే ఆగిపోతుంది, అక్కడి నుంచి ఆటోనే.

ప్రశ్న: నా ఆధార్‌లో ఇంకా పుట్టింటి చిరునామానే ఉంది. అది హైదరాబాద్‌దే. హోటల్లో ఇబ్బంది పెడతారా, పెళ్లి సర్టిఫికెట్ తేవాలా? (నిజామాబాద్ పాఠకురాలు)

జవాబు: పెళ్లి సర్టిఫికెట్ చూపించాలన్న చట్టం ఏదీ లేదు. ఇద్దరు మేజర్లు గుర్తింపు కార్డులు చూపించి గది తీసుకోవచ్చు. మీకు రాగల చిక్కు వేరే. కొన్ని హోటళ్లు ‘స్థానిక చిరునామా కార్డులు అంగీకరించం’ అని నియమం పెట్టుకుంటాయి. బుకింగ్ యాప్‌లో అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది, డబ్బు కట్టాక తెలిస్తే వాపసు రావడం కష్టం. బుక్ చేసేముందే ఫోన్ చేసి మీ కార్డు మీద హైదరాబాద్ చిరునామా ఉందని చెప్పండి, ఒప్పుకుంటే మెసేజ్‌లో రాయించుకోండి. పాస్‌పోర్టులో అత్తవారి చిరునామా ఉంటే అదే చూపించండి. ఇద్దరివీ అసలు కార్డులు ఉండాలి, ఒకరిది సరిపోదు. ఆధార్ కాపీ ఇవ్వాల్సొస్తే మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి.

ప్రశ్న: ఏ నెలలో రావడం మంచిది? (శ్రీకాకుళం పాఠకుడు)

జవాబు: నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. జనవరి 1 నుంచి ఫిబ్రవరి మధ్య దాకా నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో నుమాయిష్ (ఏటా జరిగే పెద్ద ప్రదర్శన) ఉంటుంది, నాంపల్లిలో గది తీసుకున్నవాళ్లు శనివారం రాత్రి నడిచే వెళ్లి రావొచ్చు. ఆ వారాంతాల్లో గదులు ముందే బుక్ చేయాలి. ఆషాఢంలో వచ్చేవాళ్లు బోనాల తేదీలు చూసుకోండి. గోల్కొండలో మొదటి గురువారం గానీ ఆదివారం గానీ మొదలవుతాయి, ఆపైన సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి, తర్వాత పాతబస్తీ లాల్‌దర్వాజా వరసగా ఆదివారాల్లో వస్తాయి. ఏ రోజు ఎక్కడ బోనాలో ఆ ప్రాంతంలో దారులు మళ్లిస్తారు. బోనాలు చూడాలనే వస్తే అంతకన్నా మంచి రోజు లేదు, కోట మాత్రమే చూడాలంటే ఆ రోజు తప్పించుకోండి. వినాయక నిమజ్జనం రోజు ట్యాంక్‌బండ్, పాతబస్తీ నుంచి వచ్చే దారులన్నీ పగలూ రాత్రీ ఊరేగింపులదే. ఆ రోజు రాత్రి రైలు ఉంటే స్టేషన్‌కి ఆటోని నమ్ముకోకండి, మెట్రోలోనే వెళ్లండి.